ఫైలుకూ వస్తువుకూ మధ్య: మేకర్‌స్పేస్‌లో విద్యార్థి ప్రాజెక్టులు ఎలా తయారవుతాయి, ఎక్కడ తడబడతాయి

విశ్వవిద్యాలయ మేకర్‌స్పేస్‌లోకి, అంటే విద్యార్థులు తమ వస్తువులను తామే తయారుచేసుకునే ఉమ్మడి వర్క్‌షాపులోకి, కొత్తగా అడుగుపెట్టినవారి చూపు ముందుగా త్రీడీ ప్రింటర్ మీదే నిలుస్తుంది. తెర మీద గీసిన ఆకారం కళ్లెదుట పొర మీద పొరగా పైకి లేస్తుంటే, తయారీలో మనిషి చేయవలసింది ఇక ఏమీ మిగల్లేదన్న భావన కలగడం సహజమే. ఇదే భావనతో విద్యార్థి ప్రాజెక్టులను తలపెట్టినప్పుడు మాత్రం, సెమిస్టర్ చివరికి వచ్చేసరికి ఒకదానిలో ఒకటి ఇమడని ముక్కలు, బిగించగానే విరిగే బ్రాకెట్లు, ఎండకు వంగిపోయిన పెట్టెలు మిగులుతాయి. డిజిటల్ యంత్రాలు చేతిపనిలోని శ్రమను తగ్గించాయి గానీ తయారీలోని నిర్ణయాలను తగ్గించలేదు. ఒకప్పుడు ఉలి పట్టుకున్న మనిషి పని మధ్యలో, ముక్కను చూసుకుంటూ తీసుకున్న నిర్ణయాలన్నిటినీ ఇప్పుడు యంత్రం కదలకముందే తీసుకోవలసి వస్తోంది. ఆ నిర్ణయాలు ఏమిటో, ఏ దశలో దాగి ఉంటాయో తెలిస్తే తప్ప మేకర్‌స్పేస్‌లో విద్యార్థులు నిజంగా ఏమి నేర్చుకుంటున్నారో అంచనా వేయలేము.

పనిముట్టు కదలికలను అంకెల రూపంలోని ఆదేశాలతో నడపడమే డిజిటల్ ఫ్యాబ్రికేషన్. ఈ ఆలోచన పాతదే. విమాన భాగాలలోని క్లిష్టమైన వంపులను కచ్చితంగా చెక్కడం కోసం, రంధ్రాలు చేసిన టేపు మీది ఆదేశాలతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని అమెరికాలోని ఎంఐటీ 1952లోనే ప్రదర్శించింది. లేజర్ కట్టర్లలో నేటికీ విస్తృతంగా వాడుతున్న కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కుమార్ పటేల్ 1964లో బెల్ ల్యాబ్స్‌లో రూపొందించారు. ప్లాస్టిక్ తీగను కరిగించి పొరలుగా పేర్చే ముద్రణ పద్ధతికి స్కాట్ క్రంప్ 1989లో పేటెంటు కోరారు. 2005లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ ప్రారంభించిన రెప్‌రాప్ ప్రాజెక్టు, తన భాగాలలో చాలావాటిని తానే ముద్రించుకోగల యంత్రాన్ని తలపెట్టి, దాని డిజైన్‌ను అందరికీ తెరిచి ఉంచింది; 2009లో క్రంప్ పేటెంటు గడువు తీరింది. ఫ్యాక్టరీలో ఉండే యంత్రం తరగతి గది పక్కకు రావడానికి ఈ రెండు పరిణామాలూ చాలావరకు కారణం.

యంత్రాలు చవక కావడానికి ముందే వాటితో విద్యార్థులు ఏమి చేయగలరో చూపించిన కోర్సు ఒకటుంది. ‘దాదాపు ఏదైనా తయారుచేయడం ఎలా’ అన్న అర్థం వచ్చే పేరుతో ఎంఐటీలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 1998లో దాన్ని మొదలుపెట్టారు. ఇంజినీరింగ్ పరిశోధకులతో పాటు కళా రంగం నుంచీ, ఆర్కిటెక్చర్ నుంచీ వచ్చినవారు అందులో చేరారు. అరవాలనిపించినప్పుడు నలుగురిలో అరవలేని మనిషి తన అరుపును దాచుకుని, తరువాత ఏకాంతంలో బయటికి వదులుకోవడానికి వీలుగా ఒంటికి తగిలించుకునే సంచిని ఒక విద్యార్థిని ఆ కోర్సులో తయారుచేసింది. అటువంటి వస్తువును ఏ కంపెనీ తయారుచేయదు. అది కావాలనుకున్న మనిషే దాని సర్క్యూట్‌ను, శబ్దాన్ని నమోదుచేసే ఏర్పాటును, బయటి కుట్టును అన్నిటినీ ఆలోచించవలసి వచ్చింది. మంచి విద్యార్థి ప్రాజెక్టుకు ఇప్పటికీ ఇదే గుర్తు: అవసరం ఒక మనిషిది అయి ఉంటుంది, దాన్ని తీర్చడానికి ఒక్క శాస్త్రం సరిపోదు.

తెర మీది ఆకారం యంత్రానికి చేరేలోపు

డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన గుండ్రటి రంధ్రం గణితపరంగా నిఖార్సైన వృత్తం. ముద్రణ కోసం దాన్ని ఎస్‌టీఎల్ ఫైలుగా మార్చగానే అది చిన్నచిన్న త్రిభుజాలతో అల్లిన బహుభుజి అయిపోతుంది. ఆ ఫైలులో కొలతల అంకెలు ఉంటాయి గానీ అవి మిల్లీమీటర్లో అంగుళాలో చెప్పే సమాచారం ఉండదు. అందుకే ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి వెళ్లిన మోడల్ అప్పుడప్పుడు 25.4 రెట్లు పెద్దదిగానో చిన్నదిగానో కనిపించి విద్యార్థులను తికమక పెడుతుంది. తరువాతి దశలో స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ ఆకారాన్ని అడ్డంగా పలుచని పొరలుగా కోస్తుంది. పొర మందం 0.2 మిల్లీమీటర్లయితే 100 మిల్లీమీటర్ల ఎత్తున్న వస్తువుకు 500 పొరలు అవుతాయి. గోడకు ఎన్ని వరసలు వేయాలి, లోపలి భాగాన్ని ఎంత శాతం నింపాలి, గాలిలో వేలాడే భాగాలకు కింద ఆధారాలు ఎక్కడ పెట్టాలి, వస్తువును నిలబెట్టి ముద్రించాలా పడుకోబెట్టి ముద్రించాలా అన్నవన్నీ ఇక్కడే తేలాలి. సాఫ్ట్‌వేర్ ప్రతిదానికీ ముందే ఏదో ఒక జవాబు పెట్టి ఉంచుతుంది కాబట్టి, తాము ఏ నిర్ణయమూ తీసుకోలేదనుకునే విద్యార్థి నిజానికి సాఫ్ట్‌వేర్ తీసుకున్న డజన్ల కొద్దీ నిర్ణయాలను ఒప్పుకుంటున్నట్టే.

స్లైసర్ చివరికి ఇచ్చేది జీ-కోడ్. ఫలానా బిందువుకు ఫలానా వేగంతో వెళ్లు, వెళ్తూ ఇంత ప్లాస్టిక్‌ను బయటికి నెట్టు అన్న తరహా వేలాది వరుసలు అందులో ఉంటాయి. వస్తువు అన్న ఊహ జీ-కోడ్‌లో ఎక్కడా ఉండదు, ఉండేవి కదలికలే. సాధారణ ప్రింటర్లలోని స్టెప్పర్ మోటార్లు ఒక చుట్టుకు 200 అంచెల లెక్కన తిరుగుతాయి. అడిగినంత తిరిగామో లేదో తిరిగి చూసుకునే ఏర్పాటు చాలా యంత్రాలలో ఉండదు. బెల్టు ఒక్కసారి జారితే, జారిన చోటి నుంచి మిగిలిన పొరలన్నీ పక్కకు జరిగి, యంత్రం అదే నమ్మకంతో చివరిదాకా ముద్రిస్తూనే పోతుంది. ఒకే ఫైలును రెండు యంత్రాలకు ఇస్తే రెండు వేరువేరు వస్తువులు రావడం లోపమేమీ కాదు. వస్తువు ఎలా ఉంటుందన్నది ఫైలు, సెట్టింగులు, ముడిపదార్థం, యంత్రం పరిస్థితి అన్నీ కలిసి తేల్చే విషయం.

ఒక ప్రాజెక్టును దగ్గరగా చూస్తే

మాటలు గాలిలో తేలిపోకుండా ఉండటానికి ఒక మామూలు ప్రాజెక్టును తీసుకుందాం: ప్రాంగణంలో ఉష్ణోగ్రతను, గాలిలో తేమను నమోదుచేసే చిన్న వాతావరణ కేంద్రం. బ్యాటరీని, సర్క్యూట్‌ను ఉంచే పెట్టెను అక్రిలిక్ షీటు నుంచి లేజర్‌తో కోస్తారు. సెన్సర్‌కు ఎండ తగలకుండా గాలి మాత్రం ఆడేలా ఉండే గొడుగును త్రీడీ ప్రింటర్ మీద ముద్రిస్తారు. సర్క్యూట్ బోర్డును చిన్న మిల్లింగ్ యంత్రంతో చెక్కుతారు. మూడు యంత్రాలు, మూడు రకాల తప్పులు. పైగా మూడింటి నుంచి వచ్చిన ముక్కలు చివరికి ఒకే చోట అతకాలి.

ముందుగా పెట్టె. పలకల అంచులకు పళ్లు, ఎదుటి పలకలో వాటికి సరిపోయే గాడులు కోసి, జిగురు లేకుండా ఒకదానిలో ఒకటి బిగించే పద్ధతి లేజర్ పనిలో అందరికీ మొదటి పాఠం. పన్ను వెడల్పు 10 మిల్లీమీటర్లు, గాడి వెడల్పు 10 మిల్లీమీటర్లు అని గీసి కోస్తే రెండూ వదులుగా, కదిలిపోతూ వస్తాయి. లేజర్ కిరణానికి మందం ఉంది. అది వెళ్లిన దారిలోని పదార్థం ఆవిరైపోతుంది. ఆ దారి వెడల్పునే కెర్ఫ్ అంటారు. కెర్ఫ్ 0.2 మిల్లీమీటర్లు అనుకుందాం. కిరణం గీత నడిమధ్యన వెళుతుంది కాబట్టి పన్ను రెండు పక్కలా 0.1 చొప్పున తరిగి 9.8 అవుతుంది, గాడి రెండు పక్కలా 0.1 చొప్పున పెరిగి 10.2 అవుతుంది. రెండింటి మధ్య ఖాళీ 0.4 మిల్లీమీటర్లు, అంటే కెర్ఫ్‌కు రెట్టింపు. పన్నును 10.2గా, గాడిని 9.8గా గీస్తే కోత తరువాత రెండూ సరిగ్గా 10కి వస్తాయి.

లెక్క ఇక్కడితో పూర్తయితే బాగుండేది. 3 మిల్లీమీటర్ల షీటు అని ముద్ర వేసి వచ్చిన అక్రిలిక్ కచ్చితంగా 3 మిల్లీమీటర్లు ఉండదు. ఒకే షీటులో ఒక మూలకూ మరో మూలకూ తేడా ఉండవచ్చు. గాడి రెండో కొలత అందులోకి దూరే పలక మందమే కాబట్టి, పేరులోని అంకెను నమ్మి గీసిన గాడి ఒక చోట బిగుసుకుని మరో చోట ఊగుతుంది. లేజర్ కిరణం కటకం దగ్గర వెడల్పుగా ఉండి, ఒక బిందువు దగ్గర సన్నబడి, మళ్లీ విచ్చుకుంటుంది కాబట్టి మందమైన షీటులో కోత అంచు నిటారుగా కాక కొద్దిగా వాలుగా వస్తుంది. ఇక పదార్థాల గుణం వేరు. ప్లైవుడ్ కాస్త నొక్కుకుని సర్దుకుంటుంది గనుక కొంచెం బిగువుగా గీసినా పరవాలేదు. అదే బిగువు అక్రిలిక్‌కు ఇస్తే పన్ను మొదట్లో పగులు పుడుతుంది. అందుకే అనుభవం ఉన్నవారు పెట్టె కోయకముందు, 0.05 మిల్లీమీటర్ల తేడాతో వరుసగా గాడులున్న చిన్న ముక్కను అదే షీటు నుంచి కోసి, ఏ గాడిలో పన్ను సరిగ్గా కూర్చుంటుందో చేత్తో చూస్తారు. కాసేపట్లో అయిపోయే పని ఇది. మేకర్‌స్పేస్‌లో కొత్తవారికి నేర్పదగినవాటిలో దీనికి మించినది లేదని నా అభిప్రాయం, ఎందుకంటే కొలతకూ గీతకూ మధ్య ఉన్న దూరాన్ని విద్యార్థి వేళ్లకు తెలియజేసేది ఇదే.

సెన్సర్ గొడుగు దగ్గర సమస్య మారుతుంది. గాలి ఉష్ణోగ్రతను కొలవాలంటే ఎండ తగలకూడదు, గాలి ఆగకూడదు. పందొమ్మిదో శతాబ్దంలో థామస్ స్టీవెన్‌సన్ రూపొందించిన తెల్లటి జాలీ పెట్టె వాతావరణ కేంద్రాలలో నేటికీ కనిపించేది ఈ కారణంగానే. విద్యార్థులు దాని చిన్న రూపాన్ని, బోర్లించిన పళ్లేలను మధ్యన ఖాళీలు వదిలి ఒకదాని కింద ఒకటి పేర్చినట్టుగా ముద్రిస్తారు. పళ్లెం అంచు నిలువు నుంచి 45 డిగ్రీలకు మించి బయటికి వాలితే కొత్త పొరకు కింద ఆనిక చాలక ప్లాస్టిక్ వేలాడిపోతుంది. ఆధారాలు పెట్టి ముద్రిస్తే వాటిని పీకేసిన చోట ఉపరితలం గరుకుగా మిగులుతుంది. వాలును 45 డిగ్రీల లోపే ఉంచేలా గొడుగు ఆకారాన్ని మార్చడం అన్నిటికన్నా తేలిక. ఇక్కడ యంత్రం పరిమితి డిజైన్‌లోకి వచ్చి కూర్చుంటుంది, అలా రావడమే మంచిది.

ఏ ప్లాస్టిక్‌తో ముద్రించాలన్నది మరో ప్రశ్న. మేకర్‌స్పేస్‌లలో ఎక్కువగా దొరికే పీఎల్‌ఏ 200 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో హాయిగా ముద్రణకు లొంగుతుంది, వంకర పోదు, వాసన తక్కువ. అయితే 60 డిగ్రీల దగ్గరే అది మెత్తబడటం మొదలవుతుంది. నేరుగా ఎండ పడే చోట, ముదురు రంగులో ఉన్న పీఎల్‌ఏ ముక్క ఆ వేడికి చేరుకోవడం కష్టమేమీ కాదు. ఏబీఎస్ దాదాపు 105 డిగ్రీల వరకు గట్టిగా నిలుస్తుంది గానీ, చల్లారేటప్పుడు కుంచించుకుపోయి మూలలు పైకి లేస్తాయి. చుట్టూ మూసిన ప్రింటర్ ఉంటేనే దానితో సుఖం. పీఈటీజీ ఈ రెండింటికీ మధ్యస్థం. ఎండలో నిలవవలసిన గొడుగుకు తెల్లటి పీఈటీజీ సబబైన ఎంపిక. ప్రదర్శన రోజున బల్ల మీద మాత్రమే నిలవవలసిన నమూనాకు పీఎల్‌ఏ చాలు. వస్తువు ఎక్కడ, ఎంతకాలం పనిచేయాలో ముందు చెప్పకపోతే ఈ ఎంపికకు అర్థమే లేదు. విద్యార్థి బృందాలు చాలావరకు దొరికిన రీలుతో మొదలుపెట్టి, ఆ తరువాత కారణాలు వెతుక్కుంటాయి.

గొడుగును స్తంభానికి పట్టి ఉంచే బ్రాకెట్ అన్నిటికన్నా మామూలు ముక్క, పాఠం మాత్రం దానిలోనే ఎక్కువ. రెండు చేతులు లంబంగా కలిసిన మూల ఆకారం అది. ఒక చేయి స్తంభానికి బిగుస్తుంది, రెండోది గొడుగును మోస్తుంది. బ్రాకెట్‌ను, పని చేసేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే నిలబెట్టి ముద్రిస్తే, నిలువు చేతిలో పొరలన్నీ అడ్డంగా వస్తాయి. గొడుగు బరువుకు, గాలి ఊపుకు మూల దగ్గర పుట్టే లాగుడు ఆ పొరలను ఒకదాని నుంచి ఒకటి విడదీసే దిశలో పనిచేస్తుంది. పొర లోపలి ప్లాస్టిక్ తీగకున్న బలం రెండు పొరల మధ్య అతుకుకు ఉండదు. విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే, ఒక పొర మీదుగా కోసినట్టు నున్నగా కనబడే విరుపు గీత ఈ కథంతా చెబుతుంది. అదే ముక్కను పక్కకు పడుకోబెట్టి ముద్రిస్తే ప్లాస్టిక్ తీగలు మూల చుట్టూ తిరిగి రెండు చేతులనూ కలుపుతాయి. ఫైలులో ఒక్క గీత కూడా మారలేదు, ప్లాస్టిక్ అదే, బరువు అదే. మారిందల్లా ప్రింటర్ పళ్లెం మీద దాన్ని ఉంచిన తీరు. లోపలి నింపుడు శాతం పెంచి బలం తెచ్చుకోవాలని చూసే విద్యార్థులకు ఈ రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు.

సమయం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ముక్కను అన్ని దిశలలోనూ రెట్టింపు చేస్తే ఘనపరిమాణం ఎనిమిది రెట్లవుతుంది, ముద్రణకు పట్టే సమయం కూడా ఇంచుమించు ఆ దారిలోనే పెరుగుతుంది. సెమిస్టర్ చివరి వారంలో అందరూ ఒకేసారి ప్రింటర్ల ముందు క్యూ కట్టినప్పుడు, కాస్త పెద్దదిగా చేద్దామన్న చిన్న మాట ఒక రోజంతటినీ మింగేస్తుంది.

సర్క్యూట్ బోర్డును చెక్కే మిల్లింగ్ యంత్రం పదార్థాన్ని చేర్చదు, తొలగిస్తుంది. గుండ్రంగా తిరిగే కత్తి ఏ లోపలి మూలనూ పదునైన లంబకోణంగా కోయలేదు. కత్తి వ్యాసార్థం మేర అక్కడ గుండ్రదనం మిగిలి తీరుతుంది. అంకెల ఆదేశాలతో నడిచే పెద్ద చెక్క కోత యంత్రమైన సీఎన్‌సీ రౌటర్ మీద ప్లైవుడ్ గాడులు కోసేవారు మూలలలో చిన్న అదనపు గుండ్రటి గుంటలు వదిలేది, ఎదుటి పలక చదరపు మూల అందులోకి పూర్తిగా దిగడానికే. బోర్డు విషయంలో కత్తి వ్యాసం సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, రెండు రాగి దారుల మధ్య అంతకన్నా తక్కువ ఖాళీ వదిలితే కత్తి అందులోకి వెళ్లలేక రెండూ కలిసిపోయే ఉంటాయి. రాగి పొర మందం మామూలుగా 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కోత లోతు 0.1 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. బోర్డు కింద అతికించిన టేపు ఒక మూలన ముడత పడితే ఆ ఎత్తు తేడాకే ఒక వైపు దారులు తెగవు, మరోవైపు కత్తి లోతుగా దిగి విరుగుతుంది. బోర్డు గాజు పీచుతో చేసినదైతే ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, కత్తి కూడా త్వరగా మొద్దుబారుతుంది. అందుకని ఈ పనికి కాగితం, రెసిన్ కలిపి చేసిన ఎఫ్ఆర్1 రకం బోర్డులను ఎంచుకుంటారు.

కత్తి తిరిగే వేగానికీ ముందుకు సాగే వేగానికీ ఉన్న సంబంధం చెక్క పనిలో బాగా తెలుస్తుంది. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే, రెండు పదును అంచులున్న కత్తి నిమిషానికి 2,400 మిల్లీమీటర్లు ముందుకు సాగితే ఒక్కో అంచు 0.1 మిల్లీమీటరు మందమున్న పొట్టును తీస్తుంది. భయంతో సాగే వేగాన్ని బాగా తగ్గిస్తే అంచు కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది, చెక్క మాడుతుంది, కత్తి పాడవుతుంది. నెమ్మదిగా చేస్తే క్షేమమన్న మామూలు నమ్మకం ఇక్కడ పనికిరాదు.

ముక్కలు కలిసే చోట

ఇప్పుడు మూడు ముక్కలూ సిద్ధం. పెట్టె గోడలోని స్క్రూ రంధ్రాలను లేజర్ కెర్ఫ్ కొంచెం పెద్దవి చేసింది. ముద్రించిన బ్రాకెట్‌లోని 3 మిల్లీమీటర్ల రంధ్రాలు ప్లాస్టిక్ లోపలికి పొంగి కొంచెం చిన్నవి అయ్యాయి. బోర్డు రంధ్రాలు మాత్రం గీసిన చోటే ఉన్నాయి, కానీ బోర్డు అంచు కోతలో కాస్త జరిగింది. ఒక్కో తప్పును విడిగా చూస్తే లెక్కలోకి రానంత చిన్నది. నాలుగు స్క్రూలు ఒకేసారి మూడు ముక్కల గుండా దూరవలసి వచ్చినప్పుడు ఆ చిన్న తప్పులు ఒకదానికొకటి తోడై నాలుగో స్క్రూను ఆపేస్తాయి. విద్యార్థి ప్రాజెక్టులు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఏ ఒక్క ముక్కా తప్పు కాదు, అయినా వస్తువు కుదరదు.

దీనికి విరుగుడు ఇంకా కచ్చితమైన యంత్రం కొనడం కాదు. రెండు రంధ్రాలను గుండ్రంగా ఉంచి మిగిలిన రెండింటిని కోలగా గీస్తే ముక్క సర్దుకోవడానికి చోటు దొరుకుతుంది. ముద్రించిన రంధ్రాన్ని కావాలని చిన్నదిగా ఉంచి, తరువాత డ్రిల్లు వేసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, డిజైన్‌లో అంకెలకు పేర్లు పెట్టాలి. షీటు మందం, కెర్ఫ్, స్క్రూ వ్యాసం, వదులు అన్న నాలుగు విలువలను ఒక పట్టికలో ఉంచి మిగిలిన కొలతలన్నిటినీ వాటి మీద ఆధారపడేలా గీసిన విద్యార్థి, కొత్త షీటు వచ్చిన రోజున ఒక్క అంకె మారుస్తాడు. ప్రతి గాడినీ విడివిడిగా గీసినవాడు మొత్తం పెట్టెను మళ్లీ గీయాలి. పారామెట్రిక్ డిజైన్ అనే ఈ అలవాటు మొదట్లో నిదానంగా అనిపిస్తుంది. రెండో నమూనా దగ్గరకు వచ్చేసరికి దాని విలువ తెలుస్తుంది. రెండో నమూనా ఉంటుందని మొదటే ఒప్పుకోవడం ఇందులోని అసలు విషయం. సెమిస్టర్ ప్రణాళికలో ఒకే ఒక్క ముద్రణకు చోటు కేటాయించిన ప్రాజెక్టు ఈ పాఠాన్ని నేర్పలేదు.

అతికించిన తరువాత కూడా అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలి ఉంటుంది: ఈ కేంద్రం చూపిస్తున్న ఉష్ణోగ్రత నిజమేనా? సర్క్యూట్ నుంచి పుట్టే వేడి సెన్సర్‌కు చేరుతుంటే, గొడుగు ఖాళీలు గాలి ఆడటానికి చాలకపోతే, అంకె తప్పుతుంది. నమ్మదగిన థర్మామీటరును పక్కన పెట్టి, మధ్యాహ్నమూ రాత్రీ రెండింటి అంకెలను పోల్చి చూసిన బృందానికీ, తెర మీద ఏదో అంకె కనబడగానే పని ముగిసిందనుకున్న బృందానికీ చాలా తేడా ఉంది. ఎంత అందంగా ముద్రించినా, తప్పు చూపే వాతావరణ కేంద్రం వాతావరణ కేంద్రం కాదు.

భద్రత గురించి కొద్ది మాటలే అయినా గట్టిగా చెప్పాలి. పీవీసీని లేజర్‌తో కోయకూడదు. అది విడుదల చేసే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఊపిరితిత్తులను కాలుస్తుంది, యంత్రాన్ని తుప్పు పట్టిస్తుంది. పేరు తెలియని ప్లాస్టిక్ ముక్కను లేజర్ కింద పెట్టనివ్వని మేకర్‌స్పేస్ నియమం విద్యార్థులకు చిరాకు కలిగించినా పూర్తిగా న్యాయమైనది. అక్రిలిక్ అంటుకుంటుంది కాబట్టి, లేజర్ నడుస్తున్నంతసేపూ మనిషి అక్కడే ఉండాలి. తిరిగే కత్తి దగ్గర చేతి తొడుగులు రక్షించవు, చేతిని లోపలికి లాగుతాయి. అమెరికాలోని జార్జియా టెక్‌లో ఉన్న ఇన్వెన్షన్ స్టూడియోలాంటి చోట్ల శిక్షణ పొందిన విద్యార్థులే తోటివారికి యంత్రాలు నేర్పుతారు, స్థలాన్ని నడుపుతారు. నియమం వెనక ఉన్న కారణాన్ని తోటి విద్యార్థి నోట వినడం, గోడ మీది బోర్డు చదవడం కన్నా చాలా ఎక్కువ పనిచేస్తుంది.

అందంగా రావడమే అడ్డంకి అయినప్పుడు

పాఠశాలల్లో డిజిటల్ ఫ్యాబ్రికేషన్‌ను ప్రవేశపెట్టిన పరిశోధకుడు పౌలో బ్లిక్‌స్టీన్ తన అనుభవంలో గమనించిన ఒక ధోరణికి ‘కీచైన్ జబ్బు’ అని పేరు పెట్టారు. లేజర్ కట్టర్ పరిచయం కోసం విద్యార్థులకు తాళంచెవుల గొలుసు చేయడం నేర్పితే, వాళ్లు దాన్నే మళ్లీమళ్లీ చేస్తూ పోయారు. అంతకన్నా కష్టమైన ప్రాజెక్టు వైపు తిరగడానికి ఇష్టపడలేదు. కారణం సోమరితనం కాదు. కాసింత శ్రమకే దుకాణంలో కొన్నట్టుండే వస్తువు చేతికి వస్తున్నప్పుడు, వారాల తరబడి కష్టపడి వంకరగా నిలిచే నమూనా చేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? చేతి పనిముట్ల వర్క్‌షాపులో ఈ చిక్కు లేదు. అక్కడ నైపుణ్యం లేకపోతే వస్తువు అందంగా రాదు, అందువల్ల వస్తువు అందం నైపుణ్యానికి కొలతగా పనికొచ్చేది. డిజిటల్ యంత్రాలు ఆ కొలతను తీసివేశాయి. విశ్వవిద్యాలయాలలో చాలామంది పరీక్షకులు మాత్రం ఇప్పటికీ దానితోనే మార్కులు వేస్తున్నారు.

దీని ఫలితం విద్యార్థులకు వెంటనే అర్థమవుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే తయారు మోడల్‌ను దించుకుని నున్నగా ముద్రించినవారికి, సొంతంగా గీసి మూడుసార్లు విరగ్గొట్టి నాలుగోసారి నిలబెట్టినవారికన్నా ఎక్కువ మార్కులు వస్తాయి. ఇతరుల డిజైన్‌ను వాడుకోవడం తప్పని నేను అనడం లేదు. ఇంజినీరింగ్ అంతా అలాగే సాగుతుంది. ఎక్కడి నుంచి తీసుకున్నారు, ఏమి మార్చారు, ఎందుకు మార్చారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఉంటే చాలు. ప్రాజెక్టును అంచనా వేసేటప్పుడు పూర్తయిన వస్తువుతో పాటు విఫలమైన ముక్కలను కూడా బల్ల మీద పెట్టించి, ఒక్కోదాన్నీ చూపిస్తూ ఇది ఎందుకు విరిగింది, తరువాతి దానిలో ఏమి మార్చావు అని అడిగితే పది నిమిషాల్లో విషయం తేలిపోతుంది. విఫలమైన ముక్కలు లేని ప్రాజెక్టును నేను కొంత అనుమానంగానే చూస్తాను.

యంత్రం పరిమితిని సొంతం చేసుకుంటే విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో మొదలైన పని ఎంత దూరం వెళ్లగలదో త్రీడీ ప్రింటర్‌తో ముద్రించుకోగల ఓపెన్‌ఫ్లెక్సర్ మైక్రోస్కోప్ చూపిస్తుంది. మైక్రోస్కోప్‌లో నమూనాను మైక్రాన్‌కన్నా సన్నని అంచెలలో కదపాలి. ముద్రించిన ప్లాస్టిక్‌తో జారుడు పట్టాలు చేస్తే గరుకుదనం వల్ల, వదులు వల్ల అది సాధ్యం కాదు. దాని రూపకర్తలు పట్టాలనే వదిలేశారు. పలుచటి ప్లాస్టిక్ పట్టీలు వంగడం ద్వారానే వేదిక కదిలేలా, ప్రధాన భాగమంతా ఒకే ముక్కగా ముద్రణ అయ్యేలా డిజైన్ చేశారు. రాపిడి లేదు, అతుకు లేదు, కాబట్టి వదులూ లేదు. లోహంతో చేసే మైక్రోస్కోప్‌కు ప్లాస్టిక్ నకలు గీసి ఉంటే ఈ ఫలితం వచ్చేది కాదు. పీఎల్‌ఏ కొద్దిగా వంగుతుందన్న లోపాన్నే పనికి పెట్టారు. విద్యార్థులకు ఆదర్శంగా చూపవలసింది ఇటువంటి ఆలోచననే.

ఈ యంత్రాలు ఎక్కడ తగవో కూడా చెప్పడం న్యాయం. ఒకే రకమైన వస్తువు వేల సంఖ్యలో కావాలంటే అచ్చు చేసి ప్లాస్టిక్‌ను పోసే పద్ధతి ముందు త్రీడీ ప్రింటర్ నిలవలేదు. అచ్చుకు మొదట పెద్ద ఖర్చయినా, ఆ తరువాత ఒక్కో ముక్క సెకన్లలో వస్తుంది. తిన్నటి కడ్డీ, చదరపు పలక, మామూలు స్క్రూ వంటివాటిని ముద్రించడం సమయాన్నీ ప్లాస్టిక్‌నూ పారేయడమే. ఒక్కో మనిషికి ఒక్కో కొలత కావలసిన చోట, పట్టు బలహీనమైన చేతికి సరిపోయే చెంచా పిడి వంటి వస్తువుల దగ్గర, ఈ పద్ధతికి సాటి లేదు. అక్కడ కూడా మొదటి పని యంత్రం దగ్గర కాదు, ఆ చేతి దగ్గర ఉంటుంది. మెత్తటి మట్టి ముద్దను ఆ వ్యక్తికే ఇచ్చి పట్టుకోమని, ఆ ఆకారాన్ని కొలుచుకుని, మొదటి పిడి వాడిన తరువాత ఎక్కడ నొప్పి పుట్టిందో అడిగి తెలుసుకుని, మళ్లీ గీయాలి.

చివరగా, ప్రాజెక్టు ఎవరికి మిగలాలన్న విషయం. చాలా విభాగాలు విద్యార్థుల నుంచి ఒక నివేదిక, ఒక ఎస్‌టీఎల్ ఫైలు తీసుకుని భద్రపరుస్తాయి. ఎస్‌టీఎల్ త్రిభుజాల గుట్ట. దాని నుంచి వస్తువును మళ్లీ ముద్రించవచ్చు గానీ, రంధ్రాన్ని అర మిల్లీమీటరు జరపాలంటే దాదాపు మొదటి నుంచి గీయవలసిందే. కొలతలను మార్చడానికి వీలున్న అసలు డిజైన్ ఫైలు, వాడిన షీటు నిజమైన మందం, ప్లాస్టిక్ రకం, స్లైసర్ సెట్టింగులు, ముక్కను ఏ వైపు పడుకోబెట్టి ముద్రించారో చూపే ఒక ఫొటో, విరిగిన ప్రతి నమూనా గురించి రెండు వాక్యాలు, ఇతరులు వాడుకోవడానికి అనుమతినిచ్చే లైసెన్సు కలిపి ఒకే ఫోల్డరులో ఉంచితే, వచ్చే సంవత్సరం వాతావరణ కేంద్రం గొడుగు గాలికి పగిలినప్పుడు, దాన్ని ఎన్నడూ చూడని విద్యార్థి కూడా ఒక సాయంత్రంలో కొత్తది ముద్రించి బిగించగలుగుతుంది.